శవపరీక్ష ఎక్కడ, ఎవరి చేత, ఎప్పుడు? ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారికి ఎంపిక సలహా

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు ఇంట్లో మనిషి హఠాత్తుగా పోయి పోలీసు కేసు అయిందంటే, బంధువుల్లో మొదట నలిగే మాట ఒకటే: "ఇక్కడ వద్దు, పెద్దాసుపత్రిలో చేయిద్దాం." ఒకరు కోరాపుట్ అంటారు, ఒకరు బరంపురం అంటారు, మరొకరు నేరుగా విశాఖ కేజీహెచ్ అంటారు. ఆసుపత్రి ఎంపికకు విలువ లేదని కాదు. కానీ అంతకన్నా ముందు చూసుకోవాల్సింది శవపంచనామా, అంటే శవాన్ని, అది ఉన్న చోటునూ చూసి పోలీసులు రాసే నివేదిక. డాక్టరు చేతికి శవంతో పాటు వచ్చే కాగితం అదే. అందులో అనుమానం రాసి ఉంటే ఆయన దాన్ని పట్టుకుని వెతుకుతాడు. "పురుగుమందు తాగి చనిపోయినట్టు తెలుస్తోంది" అని ఒక్క ముక్కతో సరిపెడితే, మెడను పొరపొరగా విప్పి చూడాల్సిన కేసు కూడా పొట్ట తెరిచి జాడీలు నింపడంతో ముగిసిపోవచ్చు. అరకొర పంచనామాతో మెడికల్ కాలేజీకి వెళ్లడం కంటే, సరైన పంచనామాతో జిల్లా ఆసుపత్రికి వెళ్లడం మేలు. కింద చెప్పేదంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

ఒక్కరి పని ముగ్గురి చేతిలో

అమెరికాలో చాలాచోట్ల మెడికల్ ఎగ్జామినర్ అనే డాక్టరు ఉంటాడు. మసాచుసెట్స్‌లో 1877లో, న్యూయార్క్ నగరంలో 1918లో ఈ పద్ధతి వచ్చింది. సంఘటన జరిగిన చోటికి వెళ్లడం, పాత వైద్యం కాగితాలు తెప్పించుకోవడం, శవపరీక్ష అవసరమా కాదా తేల్చడం, చేయడం, చివరికి నిర్ధారణ రాయడం అన్నీ ఆ కార్యాలయం పనే. ఆ నిర్ధారణలో రెండు భాగాలుంటాయి. మరణ కారణం ఒకటి, అంటే ఏ దెబ్బ, ఏ జబ్బు, ఏ విషం అని. మరణం తీరు రెండోది, అంటే సహజమా, ప్రమాదమా, ఆత్మహత్యా, హత్యా, లేక తేలలేదా అని.

మన దేశంలో ఆ పదవి లేదు. 1871 నాటి చట్టం కింద కలకత్తా, బొంబాయి నగరాల్లో కొరోనర్లు, అంటే మరణ విచారణ అధికారులు ఉండేవారు. బొంబాయి కొరోనర్ కూడా 1999లో పోయాడు. ఇప్పుడు చోటు చూడటం, సాక్షుల్ని అడగడం పోలీసుల పని. కొన్ని రకాల మరణాల్లో విచారణ మేజిస్ట్రేటుది. శవం మాత్రమే డాక్టరుది. మన డాక్టరు మామూలుగా మరణ కారణం రాస్తాడు, గాయాలు బతికుండగా తగిలినవా, పోయాక తగిలినవా చెబుతాడు, పోయి ఎంతసేపయిందో అంచనా కడతాడు. హత్యా, ఆత్మహత్యా అన్నది దర్యాప్తులో, కోర్టులో తేలుతుంది. చాలా కేసుల్లో ఆయన ఉరి వేసుకున్న గది చూడడు, పొలం గట్టు చూడడు, తాగిన డబ్బా కూడా చూడడు. వాటిని పోలీసులు రాసి పంపకపోతే ఆయనకు అవి లేనట్టే. ఈ ముగ్గురి మధ్య సమాచారం సాఫీగా నడిచేలా చూడటమే కుటుంబం చేయగలిగిన పెద్ద పని.

పోలీసు పంచనామా చాలా, మేజిస్ట్రేటును అడగాలా?

2024 జూలై 1 నుంచి పాత సీఆర్పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత నడుస్తోంది. స్టేషన్లో ఇప్పటికీ "174 కేసు" అనేవారున్నారు, కొత్త సెక్షన్ 194. ఒడిశాలో దీన్ని యూడీ (అసహజ మరణం) కేసు అని నమోదు చేస్తారు. అధికారి శవం ఉన్న చోటికి వచ్చి, ఆ చుట్టుపక్కల పెద్దమనుషులు ఇద్దరు లేదా అంతకుమించి ఉండగా, గాయాలు, ఎముకలు విరిగిన చోట్లు, కమిలిన మచ్చలు, అవి ఏ వస్తువుతో తగిలి ఉండొచ్చో రాయాలి. ఆ నివేదిక 24 గంటల్లోపు జిల్లా మేజిస్ట్రేటుకో సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకో చేరాలి.

పెళ్లయి ఏడేళ్లు నిండని స్త్రీ ఆత్మహత్య చేసుకున్నా, ఆమె మరణం మీద సహేతుకమైన అనుమానం ఉన్నా మేజిస్ట్రేటు విచారణ ఉండాలి. కస్టడీ మరణాల్లోనూ అంతే. పైగా అక్కడ శవపరీక్ష వీడియో తీయాలని, 24 గంటల్లో తమకు కబురు చేయాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ సూచనలున్నాయి. ఈ రెండు రకాల్లో "పోలీసు పంచనామా అయిపోయింది కదా, సంతకం పెట్టండి" అంటే పెట్టకండి. తహసీల్దారో, సబ్ కలెక్టర్ నియమించిన అధికారో, కస్టడీ మరణమైతే జ్యుడీషియల్ మేజిస్ట్రేటో వచ్చాకే శవాన్ని కదపమనండి. పుట్టింటివాళ్లు ఆంధ్రా వైపు ఉండి, అత్తవారిల్లు ఒడిశాలో ఉన్న కేసుల్లో ఇది మరీ ముఖ్యం. బంధువు అడిగితే శవపరీక్షకు పంపాలని ఆ సెక్షనే చెబుతోంది కాబట్టి, పుట్టింటివాళ్లు రెండు వాక్యాల అర్జీ రాసి స్టేషన్లో రసీదు తీసుకుంటే చాలు. దారిలో ఉంటే "మేం వస్తున్నాం, వచ్చేదాకా ఆపండి" అని వాట్సాప్‌లో అయినా రాతపూర్వకంగా పంపాలి.

మిగతా మరణాల్లో మేజిస్ట్రేటు విచారణ చేయొచ్చు, చేయక తప్పదని లేదు. అడగడం వల్ల వచ్చే లాభం, స్థానిక స్టేషన్‌తో సంబంధం లేని రెండో కన్ను. నష్టం కాలం. తహసీల్దారు వచ్చేసరికి సగం రోజు పోవచ్చు, మే నెలలో ఆ సగం రోజు శవం మీద కనిపిస్తుంది. పదిమంది చూస్తుండగా లారీ గుద్దిన కేసులో, ఆసుపత్రిలో పాముకాటు వైద్యం జరిగి పోయిన కేసులో పోలీసు పంచనామా చాలు. ఊళ్లో పలుకుబడి ఉన్నవాళ్ల మీద అనుమానం ఉన్నప్పుడు, పని చేసే చోట యజమాని ఏదో దాస్తున్నాడనిపించినప్పుడు మాత్రం సబ్ కలెక్టర్‌కు అర్జీ పెట్టి, ఆ ఆలస్యం భరించడమే మంచిది.

ఇక పంచనామా భాష. ఒడిశాలో అది ఒడియాలోనే రాస్తారు. మాట్లాడటం వచ్చినా చదవడం రాని తెలుగువాళ్లు మన ఊళ్లలో చాలామంది. సంతకానికి ముందు మొత్తం చదివించుకోండి. పంచనామా సాక్షుల్లో ఒకరైనా ఒడియా చదవగలిగిన మీ మనిషి ఉండేలా చూసుకోండి. చివరి పేరాలో "మరణ కారణంపై కుటుంబానికి ఎలాంటి అనుమానం లేదు" అనే వాక్యం ఉందేమో ప్రత్యేకంగా అడగండి. చాలాచోట్ల అది అలవాటుగా వచ్చి చేరే వాక్యం. అనుమానం ఉంటే దాన్ని కొట్టించి, ఏ అనుమానమో రాయించి, కొట్టిన చోట అధికారి పొడి సంతకం పెట్టించండి. సంతకం మీరు తెలుగులోనే పెట్టొచ్చు, పక్కన తేదీ, గంట వేయండి. కుటుంబం దగ్గర ఉండి ఇప్పించాల్సిన వివరాలు కొన్ని ఉన్నాయి: బతికుండగా చివరిసారి ఎవరు, ఎన్ని గంటలకు చూశారు, చివరి భోజనం ఎప్పుడు (పొట్టలో ఆహారం ఎంత అరిగిందో డాక్టరు దాంతో పోల్చుకుంటాడు), పాత జబ్బులు, వాడుతున్న మాత్రలు, శవాన్ని ఎవరు కదిపారు, ఎందుకు. పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడా ఒక్కటి చాలు, తర్వాత బీమావాళ్లు ఫైలు తిప్పి పంపడానికి.

శవం ఆసుపత్రి చేరేలోపు

ఉరి కేసులో మనిషి బతికే అవకాశం ఉందనిపిస్తే తాడు కోసి దించడమే ముందు, మిగతావన్నీ తర్వాత. కానీ కోసేటప్పుడు ముడి దగ్గర కోయకూడదు. ముడికి దూరంగా కోసి, ఆ ముడిని విప్పకుండా అలాగే పోలీసుకు ఇవ్వాలి. మెడలో ఉరి మిగిలి ఉంటే దాన్నీ తీయకుండా పంపాలి. ఉరి వేసుకున్నప్పుడు మచ్చ మామూలుగా గొంతు పైభాగంలో ఏటవాలుగా, ముడి వైపు పైకి సాగి, ఒకచోట తెగిపోయి ఉంటుంది. తాడుతో బిగించి చంపితే మెడ చుట్టూ అడ్డంగా, కొంచెం కిందుగా, తెగకుండా ఉంటుంది. ఆ తాడు వెడల్పు, అల్లిక మచ్చతో సరిపోయిందా అని డాక్టరు పోల్చాలంటే తాడు ఆయన ముందుండాలి.

విషం కేసులో డబ్బా, మూత, గ్లాసు, వాంతి అంటిన బట్ట, అన్నీ విడివిడిగా కాగితం కవర్లలో. తడి బట్టను ఆరబెట్టి కవర్లో పెట్టాలి. ప్లాస్టిక్‌లో చుడితే బూజు పడుతుంది.

స్నానం చేయించి పసుపు రాయడం మన ఆచారం. పోలీసు కేసు అయ్యే మరణంలో అది శవపరీక్ష అయ్యేదాకా ఆగాలి. కడిగితే గాయం చుట్టూ ఉన్న మసి, మట్టి, రక్తపు చారలు పోతాయి. పసుపు కింద లేత కమిలిన మచ్చ కనిపించదు. పిడుగు కేసులో చర్మం మీద చెట్టు కొమ్మల్లా ఎర్రటి చారలు వస్తాయి. అవి ఒకరోజులోపే మాయమవుతాయి కాబట్టి కనిపించగానే పగటి వెలుగులో, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయాలి. పిడుగు పడ్డ అందరికీ ఆ చారలు రావు, రాకపోతే పిడుగు కాదని కాదు.

ఎంబామింగ్ (మందు ఎక్కించి శవాన్ని నిలవ చేయడం) మాత్రం శవపరీక్షకు ముందు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. దూరం నుంచి కొడుకు రావాలని కొందరు చేయించేస్తారు. ఫార్మలిన్ ఎక్కాక మద్యం, సైనైడ్, చాలా రకాల పురుగుమందుల ఆనవాళ్లు దొరక్కుండా పోతాయి. శవాన్ని నిలబెట్టాలంటే 4 డిగ్రీల చలి చాలు. శవాగారంలో ఖాళీ లేకపోతే ఫ్రీజర్ బాక్స్ తెప్పించండి. అదీ లేకపోతే మంచు దిమ్మలు పెట్టొచ్చు కానీ, మధ్యలో మందపాటి ప్లాస్టిక్ పట్టా వేసి, నీరు పక్కకు పోయేలా. మంచు నీరు ఒంటి మీద కారితే అది కడిగినట్టే.

ఊళ్లో ఆసుపత్రా, జిల్లా ఆసుపత్రా, మెడికల్ కాలేజీనా?

చట్టం ప్రకారం పోలీసులు శవాన్ని దగ్గర్లోని సివిల్ సర్జన్‌కో, ప్రభుత్వం నియమించిన డాక్టరుకో పంపాలి. దారిలో కుళ్లిపోయే ప్రమాదం ఉందా అని వాతావరణం, దూరం కూడా చూసుకోమంటుంది. అంటే కుటుంబం తనంతట తాను శవాన్ని వ్యానులో ఎక్కించుకుని బరంపురం పోలేదు. ఎక్కడ జరిగినా శవపరీక్ష చేయమని డాక్టరుకు రాసే ఉత్తరం (రిక్విజిషన్) పోలీసుదే. కానీ రాతపూర్వకంగా అడగొచ్చు. జిల్లా ఆసుపత్రి డాక్టరు తానే "ఇది ఫోరెన్సిక్ నిపుణుడు చూడాల్సిన కేసు" అని రాసి పంపించొచ్చు. ఆ డాక్టరుతో పది నిమిషాలు మర్యాదగా మాట్లాడటం, స్టేషన్ ముందు ధర్నా కంటే త్వరగా పని చేస్తుంది.

గుణుపురంలో సబ్ డివిజనల్ ఆసుపత్రి, రాయగడ, పర్లాకిమిడి పట్టణాల్లో జిల్లా ఆసుపత్రులు ఉన్నాయి. కోరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ, బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉన్నాయి. చిన్న ఆసుపత్రుల్లో శవపరీక్ష చేసేది సాధారణంగా ఓపీ, ప్రసవాలు, నైట్ డ్యూటీ చూసే మెడికల్ ఆఫీసరే. రోడ్డు ప్రమాదం, చెట్టు మీంచి పడటం, సాక్షులున్న నీట మునక, పిడుగు, వైద్యం జరిగిన పాముకాటు, ఇవన్నీ ఆయన బాగా చేయగలడు. వీటికోసం శవాన్ని గంటల తరబడి ఘాట్ రోడ్డు మీద తిప్పితే లాభం ఏమీ ఉండదు, కుళ్లు మాత్రం మొదలవుతుంది. ఎండాకాలంలో పోయిన 12 నుంచి 18 గంటల్లోనే పొట్ట కుడివైపు కిందుగా పచ్చటి మచ్చ వస్తుంది. ఆ తర్వాత ప్రతి గంటకూ కమిలిన గాయానికీ, కుళ్లు రంగుకూ తేడా చెప్పడం కష్టమవుతూ పోతుంది.

నిపుణుడి కోసం ఆ దూరం పోవాల్సిన కేసులు వేరు. మెడ నొక్కారనే అనుమానం మొదటిది. మెడను చివర విప్పాలి. ముందు తల, ఛాతీ తెరిచి అక్కడి రక్తం దిగిపోయాక విప్పితేనే మెడ కండరాల్లో ఉన్నది నిజమైన కమిలినతనమా, కోతలో పారిన రక్తమా అన్నది తెలుస్తుంది. చేతితో నొక్కి చంపినప్పుడు పైన చర్మం మీద దాదాపు ఏమీ లేకుండా లోపల మాత్రం రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. హడావిడిగా ఒకే గీతలో గొంతు నుంచి పొట్టదాకా తెరిస్తే ఆ ఆనవాలు మళ్లీ దొరకదు. తుపాకీ గాయం, కాలిన శవం, బాగా కుళ్లినది, ఎముకలుగా మిగిలినది, పసిబిడ్డ మరణం, ఆపరేషన్ టేబుల్ మీద లేదా ప్రసవంలో పోయి వైద్యం మీద అనుమానం ఉన్నది, కస్టడీ మరణం, ఇవి కూడా మెడికల్ కాలేజీకే. వైద్యం మీద అనుమానం ఉన్నప్పుడు మరొకటి గమనించాలి. శవపరీక్ష చేసే డాక్టరు, వైద్యం చేసిన డాక్టరు ఒకే ఆసుపత్రివాళ్లు కాకుండా చూడమని అర్జీలో అడగడం న్యాయమే.

ఏ ప్రభుత్వ ఆసుపత్రిలోనూ శవపరీక్షకు కుటుంబం రుసుము కట్టేది లేదు. గుడ్డకూ, కుట్టుకూ అని లోపలివాళ్లు అడిగితే సూపరింటెండెంట్‌కు చెప్పండి.

రాత్రికే చేయించాలా?

2021 నవంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ సూర్యాస్తమయం తర్వాత కూడా శవపరీక్ష చేయొచ్చని చెప్పింది. తగిన వెలుతురు, వసతులు ఉన్న ఆసుపత్రుల్లోనే, అదీ వీడియో తీస్తూ. హత్య, ఆత్మహత్య, అత్యాచారం, కుళ్లిన శవం, అనుమానాస్పద మరణం, వీటిని శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప రాత్రి చేయకూడదని అందులోనే ఉంది. రోడ్డు ప్రమాదంలో పోయిన మనిషిని తెల్లవారేలోపు ఇంటికి చేర్చుకోవాలనుకోవడం సరైన కోరికే, అడగండి. అనుమానం ఉన్న కేసులో ఎవరైనా "రాత్రికే కానిచ్చేద్దాం, పొద్దున్నే దహనం" అని తొందరపెడితే ఆగండి. బల్బు వెలుగులో శవం మీది మచ్చల రంగు పోల్చడం, కమిలిన గాయం ఎప్పటిదో రంగును బట్టి చెప్పడం కష్టం. శవాన్ని చలిపెట్టెలో పెట్టి ఉదయం చేయిస్తే పోయేదేమీ లేదు.

విసెరా జాడీలు

విషం అనుమానం ఉన్నా, మరణ కారణం కంటికి దొరక్కపోయినా అవయవాల ముక్కలు (వీటినే విసెరా అంటారు) లేబొరేటరీకి వెళ్లాలి. మామూలుగా ఒక జాడీలో పొట్ట, అందులోని పదార్థంతో పాటు చిన్నపేగు మొదటి 30 సెంటీమీటర్లు. రెండో జాడీలో పిత్తాశయంతో కలిపి కాలేయం 500 గ్రాములు, ప్లీహంలో సగం, రెండు మూత్రపిండాల్లోంచి సగం సగం. వేరే సీసాలో రక్తం 10 నుంచి 20 మిల్లీలీటర్లు, తొడ సిరలోంచి తీసింది. చాలా విషాలకు నిలవ ద్రావణం ఉప్పు నీళ్లే, ఇక ఉప్పు కరగనంత చిక్కగా కలిపింది. అందులో ముక్కలు పూర్తిగా మునగాలి. జాడీ పైన మూడో వంతు ఖాళీ ఉండాలి, లేకపోతే గ్యాస్ పుట్టి మూత లేస్తుంది. స్పిరిట్‌లో పెడితే మద్యం తాగాడా లేదా అన్నది తేలదు. ఆమ్లం తాగిన కేసులో ఉప్పు నీళ్లు పనికిరావు. వాడిన ద్రావణం కొంచెం వేరే సీసాలో పంపాలి, విషం అందులోంచే వచ్చిందన్న వాదన రాకుండా.

లోపల ఏం జరుగుతోందో కుటుంబం చూడలేదు. బయటికి వచ్చాక మూడు అడగొచ్చు: విసెరా తీశారా, ఎన్ని జాడీలు, ఏ కానిస్టేబుల్ చేతికి ఇచ్చారు. కేసులు చెడేది ఎక్కువగా ఆ తర్వాతే. సీలు వేసిన జాడీలు స్టేషన్ మాల్‌ఖానాలో (సాక్ష్యం వస్తువులు దాచే గదిలో) వారాల తరబడి ఉండిపోతాయి, లేదా కోర్టు ద్వారా పంపే ఉత్తరం కదలదు. బరంపురంలో ప్రాంతీయ ఫోరెన్సిక్ లేబొరేటరీ, భువనేశ్వర్ రసూల్‌గఢ్‌లో రాష్ట్ర లేబొరేటరీ ఉన్నాయి. జాడీలు పంపిన ఉత్తరం నంబరు, తేదీ పది రోజుల్లోపు స్టేషన్ నుంచి తీసుకోండి. అది చేతిలో ఉంటే తర్వాత ఎవరిని అడగాలో తెలుస్తుంది.

పాముకాటులో విసెరా మీద ఆశ పెట్టుకోవద్దు. పాము విషాన్ని పట్టే పరీక్ష మామూలుగా జరగదు. కట్లపాము కాటు గుర్తు ఒక్కోసారి కంటికే కనిపించదు, నేల మీద పడుకున్న మనిషి తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలడంతో మొదలై పోతాడు. అక్కడ కేసును నిలబెట్టేవి ఆసుపత్రి కాగితాలే: 20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష ఫలితం, ఎన్ని వయల్స్ విషవిరుగుడు ఎక్కించారు, రెప్పలు వాలాయని రాసిన గంట. కాటు అనుకున్న చోట చర్మం ముక్క తీసి ఉంచమని డాక్టరును అడగొచ్చు. ఒడిశా ప్రభుత్వం పాముకాటు, పిడుగు, నీట మునక వంటివాటిని రాష్ట్ర విపత్తులుగా గుర్తించి కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇస్తోంది. శవపరీక్ష వద్దని శవాన్ని తీసుకెళ్లిపోయిన కుటుంబం తహసీల్ ఆఫీసులో రుజువు లేక నిలబడాల్సి వస్తుంది.

సరిహద్దు దాటాక పోతే

గాయపడ్డ మనిషిని పార్వతీపురం మీదుగా విశాఖకో, పాతపట్నం మీదుగా శ్రీకాకుళానికో తీసుకెళ్లడం మనకు మామూలు. అక్కడ పోతే ఏం చేయాలన్నది ముందే ఆలోచించుకోవాలి.

రెండు దార్లు ఉంటాయి. ఆసుపత్రి ఔట్‌పోస్ట్ ద్వారా అక్కడి పోలీసులే పంచనామా చేసి, శవపరీక్ష చేయించి, కాగితాలన్నీ సంఘటన జరిగిన ఒడిశా స్టేషన్‌కు బదిలీ చేయడం ఒకటి. ఒడిశా స్టేషన్ నుంచి అధికారి వచ్చి అక్కడే పంచనామా చేయడం రెండోది. హత్య లేదా దాడి కేసయితే రెండోది మేలు. దర్యాప్తు చేయబోయే మనిషే శవాన్ని కళ్లారా చూస్తాడు, విసెరా జాడీలు నేరుగా అతని చేతికే వస్తాయి. రిక్విజిషన్ ఎవరిదో జాడీలు వాళ్లకే ఇస్తారు మరి. ప్రమాదం కేసులో మొదటి దారి చాలు, ఎదురుచూపు తగ్గుతుంది. ఎఫ్ఐఆర్ కాకపోతే, ఎక్కడి స్టేషన్లోనైనా జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వొచ్చు. "మీది ఒడిశా కేసు, అక్కడికే పోండి" అనడానికి వీల్లేదు.

మూడో దారి ఒకటి కొందరు ఎంచుకుంటారు: ఇక లాభం లేదనగానే సొంత పూచీ మీద డిశ్చార్జి రాయించుకుని ఇంటికి బయల్దేరడం. దారిలో పోతే చిక్కులన్నీ అక్కడ మొదలవుతాయి. ఏ ఆసుపత్రీ మరణాన్ని ధ్రువీకరించలేదు, ఏ స్టేషనూ తనది అనదు, ఊరు చేరాక బంధువులు దహనం చేసేస్తారు. తర్వాత బీమా అడిగితే మనిషి దెబ్బలతోనే పోయాడనడానికి ఏ కాగితమూ ఉండదు. అలా జరిగితే దారిలో వచ్చే మొదటి ప్రభుత్వ ఆసుపత్రిలో ఆపండి. కదిలే వాహనంలో మరణం జరిగితే సమాచారం ఇవ్వాల్సింది బండి మొదట ఆగిన చోట అని జనన మరణ నమోదు నిబంధనే చెబుతోంది.

వెంట ఉండాల్సిన కాగితాలు: మొదట చూసిన ఒడిశా ఆసుపత్రి ఇచ్చిన ఎంఎల్‌సీ (పోలీసు కేసుగా ఆసుపత్రిలో నమోదు) నంబరు, రెఫరల్ చీటీ, అక్కడి బెడ్ హెడ్ టికెట్ నకలు (ఆంధ్రాలో కేస్ షీట్ అనేది అదే). ఇది లేకపోతే విశాఖ డాక్టరుకు మొదటి గంటల వైద్యం తెలియదు. కొన్ని రకాల పురుగుమందులు తాగినవాళ్లకు కంటిపాప సూదిమొనంత అవుతుంది. విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ ఎక్కించాక అదే పాప పెద్దదవుతుంది. ఆ సంగతి కాగితంలో లేకపోతే శవం మీద కనిపించేది తప్పుదారి పట్టిస్తుంది. మొదటి ఆసుపత్రిలో పొట్ట కడిగి తీసిన నీళ్లు దాచారా అని కూడా అడగాలి. రెండు మూడు రోజుల వైద్యం తర్వాత పోయిన మనిషి విసెరాలో విషం దొరక్కపోవచ్చు, ఆ నీళ్లలో దొరుకుతుంది.

శవపరీక్ష నివేదిక మామూలుగా ఇంగ్లిషులోనే ఉంటుంది కాబట్టి ఒడిశా కోర్టులో చిక్కు లేదు. తెలుగులో రాసిన పంచనామాకు మాత్రం అనువాదం కావాలి. మరణ ధ్రువపత్రం పోయిన చోటే నమోదవుతుంది, సొంతూరిలో కాదు. గడువు 21 రోజులు. కర్మలు అయ్యాక చూద్దామని ఊరొచ్చేస్తే, ఒక్క అక్షరం దిద్దించడానికి మళ్లీ విశాఖ పోవాలి. శవాన్ని తీసుకొచ్చేటప్పుడు పోలీసు అప్పగింత కాగితం చేతిలో ఉండాలి. ఒడిశాలో మహాప్రయాణ, ఆంధ్రాలో మహాప్రస్థానం వాహనాలు ప్రభుత్వ ఆసుపత్రుల నుంచి ఉచితం. సరిహద్దు దాటి ఊరిదాకా వస్తారా, చెక్‌పోస్ట్ దగ్గర బండి మార్చాలా అన్నది ఎక్కించకముందే అడగండి.

రెండోసారి శవపరీక్ష

మొదటిదాని మీద నమ్మకం లేకపోతే కోర్టు ద్వారా రెండోది అడగొచ్చు. 2019 డిసెంబరులో హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో ఉంచిన నలుగురు ఎన్‌కౌంటర్ మృతులకు తెలంగాణ హైకోర్టు ఆదేశంతో ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు మళ్లీ శవపరీక్ష చేశారు. కానీ రెండోసారి చేసే డాక్టరుకు దొరికేది ఒకసారి కోసి, కలిపి, కుట్టిన శవం. ఎముకలు విరిగినవి, చూడకుండా వదిలేసిన వీపు, కాళ్ల లోగాయాలు దొరకొచ్చు. పొట్టలో ఏముందో, మెడ పొరలు ఎలా ఉన్నాయో దొరకవు. అందుకే రెండోదాని మీద ఆశ పెట్టుకోవడం కంటే మొదటిదాన్నే వీడియో తీయమని, ఇద్దరు డాక్టర్లు ఉండాలని ముందే అర్జీ ఇవ్వడం నయం. ఇప్పటికే అయిపోయి అనుమానం మిగిలితే దహనం చేయకండి, ఖననం చేయండి. మేజిస్ట్రేటు ఆదేశంతో తవ్వి తీసి చూసే వీలు చట్టంలో ఉంది, దానికి మన దేశంలో కాలపరిమితి లేదు. బూడిదయ్యాక ఏ ఆదేశమూ పనికిరాదు.

చేతికొచ్చిన నివేదికలో చూడాల్సినవి

"గుండె, ఊపిరి ఆగిపోవడం వల్ల" అని మాత్రమే ఉంటే అది కారణం కాదు, ప్రతి మరణంలోనూ జరిగేదే. ఎందుకు ఆగాయన్నది రాయమని అడగండి. "రసాయన పరీక్ష ఫలితం వచ్చేదాకా అభిప్రాయం వాయిదా" అని ఉంటే తప్పేమీ లేదు. కానీ లేబొరేటరీ నివేదిక దానంతటది డాక్టరును చేరి తుది అభిప్రాయం అయిపోతుందనుకోవద్దు. పోలీసులు దాన్ని డాక్టరు ముందు పెట్టి రాయించాలి. ఈ మెట్టు దగ్గర ఆగిపోయిన ఫైళ్లు చాలా ఉంటాయి.

నకలు కోసం స్టేషన్‌లోనో, ఆసుపత్రి సూపరింటెండెంట్ దగ్గరో అర్జీ పెట్టాలి. గడువులు తరుముతుంటాయి. మోటారు ప్రమాద పరిహారానికి చట్టం చెప్పిన గడువు ఆరు నెలలు. గుద్ది పారిపోయిన బండి ఏదో తెలియకపోతే ఇచ్చే 2 లక్షల పరిహారానికి సబ్ డివిజన్ లేదా తహసీల్ స్థాయి విచారణాధికారికి దరఖాస్తు చేయాలి. బ్యాంకు ఖాతాలో ఏటా 20 రూపాయలు కోసే సురక్షా బీమాకు 30 రోజుల్లో క్లెయిమ్ పెట్టాలి. కరెంటు షాక్ మరణమైతే పోలీసుతో పాటు డిస్కంకూ (కరెంటు సరఫరా సంస్థకూ), ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకూ అదే రోజు రాతపూర్వకంగా తెలపండి. తడి ఒంటికి షాక్ తగిలితే కాలిన గుర్తు ఉండకపోవచ్చు, అప్పుడు తెగిన వైరు, స్తంభం ఫొటోలే రుజువు. వైరును బాగు చేసి వెళ్లిపోయేలోపు అవి తీయాలి.